పాత లావా ల్యాంపులో నీరు మార్చండి, మైనాన్ని మాత్రం కదిలించకండి

మీ ప్రశ్న మొత్తం చదివాను. డాలస్‌లో ఒక గ్యారేజ్ సేల్‌లో తొంభైల నాటి లావా ల్యాంపు కొన్నారు. లోపలి నీలం నీరు వెలిసిపోయి పలచని మజ్జిగలా ఉంది. పసుపు మైనం మాత్రం బాగానే పైకి కిందికి తిరుగుతోంది. ఆ నీరు పారబోసి ఊదా రంగు నీరు పోయాలని, మైనాన్ని ఎర్రగా మార్చాలని మీ కోరిక. అందుకు పిల్లల క్రేయాన్లు కరిగించి వేయవచ్చా అని, డిసెంబరులో హైదరాబాదులోని అన్నయ్యగారి ఇంటికి తీసుకెళ్తే అక్కడ వెలుగుతుందా అని కూడా అడిగారు.

ఒహాయోలో ఉంటూ పదకొండేళ్లుగా ఈ దీపాలు బాగుచేస్తున్నాను. ఇరవైకి పైగా నా చేతుల మీదుగా మళ్లీ వెలిగాయి. రెండు శాశ్వతంగా పాడయ్యాయి. ఆ రెండూ ఒకే పొరపాటుతో పోయాయి. నీరు మార్చితే సరిపోయే చోట మైనం జోలికి వెళ్లాను. మీరు అదే దారిలో ఉన్నారు కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు మీకు నచ్చే మాట చెబుతాను. మీరు మైనానికి రంగు వేయనవసరం లేదు. పసుపు మైనం ఊదా నీటిలోంచి చూస్తే పసుపుగా కనబడదు. ఊదా నీరు ఆకుపచ్చ కాంతిని మింగేసి ఎరుపును, నీలాన్ని వదులుతుంది. పసుపు మైనం నుంచి వచ్చేది ఎరుపు, ఆకుపచ్చ. రెండింటికీ ఉమ్మడిగా మిగిలేది ఎరుపే. అందుకే ఆ మైనం నిప్పు కణికలా నారింజ ఎరుపులో కనబడుతుంది. ఈ పసుపు–ఊదా జోడీ కంపెనీవాళ్లే ఎన్నో ఏళ్లుగా అమ్ముతున్నది. మీ దీపం కొత్తగా ఉన్నప్పుడు నీలం నీటిలో ఇదే పసుపు మైనం ఆకుపచ్చగా కనబడి ఉంటుంది. అంటే మీరు కోరిన రెండు మార్పులూ నీటితోనే అయిపోతాయి.

ఇక మైనం గురించి. దాన్ని ఎందుకు ముట్టవద్దంటున్నానో అర్థం కావాలంటే ఈ దీపం ఎలా పనిచేస్తుందో తెలియాలి. చల్లగా ఉన్నప్పుడు మైనం నీటికంటే ఒక్క పిసరు బరువు, వేడెక్కితే ఒక్క పిసరు తేలిక. ఆ పిసరులోనే విద్య అంతా ఉంది. కింద బల్బు వేడికి మైనం కరిగి వ్యాకోచిస్తుంది, తేలికై పైకి లేస్తుంది, పైన చల్లబడి మళ్లీ దిగుతుంది. అడుగున ఉన్న లోహపు తీగ చుట్ట, దిగివచ్చిన ఉండలన్నిటినీ మళ్లీ ఒక ముద్దగా కలుపుతుంది. కొవ్వొత్తుల పారాఫిన్ మైనం ఈ పని చేయలేదు. దాని సాంద్రత సుమారు 0.9. వేడిలోనూ చల్లదనంలోనూ నీటిమీద తేలుతూనే ఉంటుంది. కంపెనీవాళ్లు దానిలో బరువైన క్లోరిన్ సమ్మేళనం కలిపి సరిగ్గా నీటి బరువుకు తెస్తారు. ఆ పాళ్లు ఇంట్లో కుదరవు. కుదిరినా ఆ రసాయనాలు ఇంట్లో ఉండవలసినవి కావు.

ఈ దీపాన్ని 1963లో ఇంగ్లండులో ఎడ్వర్డ్ క్రేవెన్ వాకర్ మార్కెట్‌లోకి తెచ్చాడు. డోర్సెట్ ప్రాంతంలో ఒక పబ్బులో గుడ్లు ఉడికే సమయం చూపే ఒక ద్రవపు పరికరాన్ని చూసి ఆయనకు ఈ ఆలోచన పుట్టింది. ఆయన క్రెస్ట్‌వర్త్ సంస్థ పూల్ పట్టణంలో ఉండేది. అది ఇప్పుడు మ్యాథ్‌మోస్ పేరుతో నడుస్తోంది. 1965లో హాంబర్గ్ వాణిజ్య ప్రదర్శనలో దీన్ని చూసిన ఇద్దరు అమెరికన్ వ్యాపారులు హక్కులు కొని షికాగోలో తయారీ మొదలుపెట్టారు. ఇదంతా చెప్పడానికి కారణం ఉంది. 1968లో వచ్చిన అమెరికా పేటెంటులో మైనంతో పాటు కార్బన్ టెట్రాక్లోరైడ్ ఉంది. అది కాలేయాన్ని, మూత్రపిండాలను దెబ్బతీసే విషం. 1970లో అమెరికా ప్రభుత్వం ఇళ్లలో వాడే వస్తువుల్లో దాన్ని నిషేధించింది. కాబట్టి ఎవరి దగ్గరైనా అరవైల నాటి దీపం ఉంటే దాని మూత తీయవద్దు. అలాగే అలంకారంగా ఉంచుకోండి. మీది తొంభైలది కాబట్టి ఆ భయం లేదు. అయినా లోపలిది తాగేదీ ముట్టేదీ కాదు. చేతికి నైట్రైల్ గ్లవుజులు వేసుకోండి, కిటికీలు తెరిచి ఉంచండి, పిల్లలను ఆ గదిలోకి రానివ్వకండి.

మూత తీయడానికి ముందు ఒక పరీక్ష చేయండి. మీరు ఆ దీపాన్ని కారులో తెచ్చారు. దారిలో కుదుపులు తగిలి ఉంటాయి. మైనం వేడిగా మెత్తగా ఉన్నప్పుడు కదిలిస్తే సూక్ష్మమైన తుంపరలుగా నీటిలో కలిసి నీరు తెల్లబడుతుంది. టెక్సస్ ఎండలో కారు డిక్కీలో పెడితే మైనం మెత్తబడటానికి ఎక్కువ సేపు పట్టదు. అలాంటి తెలుపు ఒక్కోసారి దానంతట అదే తేరుకుంటుంది. రోజుకు ఎనిమిది గంటల చొప్పున నాలుగైదు రోజులు వెలిగించండి, మధ్యలో పూర్తిగా చల్లారనివ్వండి, చోటు మార్చకండి. తేటపడితే నీరు మార్చే పనే ఉండదు, రంగు చుక్కలు వేస్తే చాలు. వారం తర్వాత కూడా మజ్జిగలాగే ఉంటేనే నీరు మార్చండి.

తెరిచే రోజు దీపం వెలిగించవద్దు. ముందురోజు రాత్రి నుంచి ఆరిపోయి ఉండాలి, మైనం అడుగున గట్టిపడి ఉండాలి. చల్లగా ఉన్నప్పుడు నీరు ఎంతవరకు ఉందో సీసా బయట కాగితపు టేపుతో గుర్తు పెట్టండి. ఈ ఒక్క గుర్తు మీకు తర్వాత ఎంతో మేలు చేస్తుంది. పైన అలంకారపు లోహపు టోపీ తీస్తే కింద సోడా సీసాకు ఉండేలాంటి మూత కనబడుతుంది. మామూలు ఓపెనరుతోనే వస్తుంది. ఒకేచోట గట్టిగా లాగకండి. చుట్టూ నాలుగు వైపులా కొద్దికొద్దిగా లేపండి. సీసా అంచు పగిలితే ఇక దానికి మూత పట్టదు.

పాత నీటిని మెల్లగా వంపండి. మైనం ముక్కలు జారితే పట్టుకోవడానికి కాఫీ ఫిల్టరు కాగితం వాడండి. ఆ ముక్కలన్నీ తిరిగి సీసాలోకే వెళ్లాలి. ఆ నీటిని సింకులో పోయకండి. ఒక పాత ప్లాస్టిక్ క్యానులో పోసి పేరు రాసి, మీ కౌంటీ ప్రమాదకర గృహ వ్యర్థాలు తీసుకునే రోజున ఇచ్చేయండి. తర్వాత గది వేడిలో ఉన్న డిస్టిల్డ్ వాటర్ కొద్దిగా పోసి, సీసాను ఊపకుండా గుండ్రంగా తిప్పి వంపండి. రెండుమూడు సార్లు ఇలా చేస్తే చాలు. కుళాయి నీరు వద్దు. అందులోని సున్నపు లవణాలు, మైనం గోడలకు అతుక్కోకుండా నీటిలో వేసే సబ్బుతో కలిసి మళ్లీ తెల్లటి తెట్టు కడతాయి. ఫార్మసీలో గ్యాలన్ డిస్టిల్డ్ వాటర్ చవకగానే దొరుకుతుంది.

ఇప్పుడు టేపు గుర్తు వరకు కొత్త డిస్టిల్డ్ నీరు పోయండి, రెండు అంగుళాల ఖాళీ ఉందో లేదో చూసుకోండి. నీరు 20 డిగ్రీల నుంచి 60 డిగ్రీలకు చేరితే సుమారు 1.5 శాతం పెరుగుతుంది, మైనం అంతకంటే ఎక్కువ పెరుగుతుంది. ఆ ఖాళీ లేకపోతే ఒత్తిడి సీసా మీద పడుతుంది. రంగు ఇంకా వేయవద్దు. మూత బిగించవద్దు. నోటిమీద చిన్న అల్యూమినియం రేకు వదులుగా కప్పి దీపం వెలిగించి రెండు మూడు గంటలు ఆగండి.

ఏమీ కలపని డిస్టిల్డ్ నీటితో మీ మైనం అడుగునే కూర్చుంటుందని నా అంచనా. కంపెనీ నీటిలో ఏవో లవణాలు, గ్లైకాల్ లాంటివి కలిసి ఉంటాయి, డిస్టిల్డ్ నీరు దానికంటే తేలిక. ఇక్కడే చాలామంది కంగారుపడి ఉప్పు గుప్పెడు వేసేస్తారు. నా రెండో దీపం అలాగే పోయింది. మైనమంతా పైకి తేలి మెడ దగ్గర బిగిసిపోయింది. దాన్ని దించడానికి మైనాన్ని తీసి మళ్లీ కరిగించబోయి ఉన్నదంతా పాడుచేసుకున్నాను. మీరు ఇలా చేయండి. ఒక కప్పు వేడి డిస్టిల్డ్ నీటిలో ఇక కరగదు అనేవరకు ఉప్పు కలిపి, చల్లార్చి వడకట్టండి. అయొడిన్ లేని, గడ్డకట్టకుండా పొడి కలపని ఉప్పు కావాలి. ఊరగాయలకు అమ్మే ఉప్పు సరిపోతుంది. సూది లేని సిరంజితో ఆ ద్రావణం అయిదు మిల్లీలీటర్లు తీసి, అంతే నీటిని ముందు సీసాలోంచి బయటకు తీసి, దాని స్థానంలో పోయండి. గంట ఆగండి. మళ్లీ అయిదు. మళ్లీ గంట. లీటరు నీటికి పది మిల్లీలీటర్ల సంతృప్త ఉప్పు ద్రావణం పోస్తే సాంద్రత సుమారు 0.2 శాతమే పెరుగుతుంది. మైనం లేవడానికి అవసరమయ్యే తేడా కూడా అంతటిదే. అందుకే తొందరపడితే ఒక్కసారిగా దాటిపోతాం.

మైనం ముందు గుబ్బలా లేచి, తర్వాత స్తంభంలా సాగి, తెగి, ఉండగా పైకి వెళ్లి తిరిగి దిగితే ఆ పాళ్లు సరిపోయినట్టే. పైకి వెళ్లి దిగకుండా అక్కడే ఉండిపోతే నీరు బరువెక్కువైంది, పది మిల్లీలీటర్లు తీసి డిస్టిల్డ్ నీరు పోయండి. ప్రతిసారీ ఎంత పోశారో, ఎన్ని గంటలకు పోశారో కాగితం మీద రాసుకోండి. జ్ఞాపకం మీద ఆధారపడి ఈ పని చేయలేం.

ఉప్పుకు ఒక లోపం ఉంది. అడుగున తీగ చుట్ట ఉక్కుదైతే ఏళ్లు గడిచేకొద్దీ తుప్పు పడుతుంది. అది ఇష్టం లేనివాళ్లు ఉప్పు బదులు ఆహారానికి వాడదగిన ప్రొపిలీన్ గ్లైకాల్ వాడతారు. దాని సాంద్రత 1.036, ఉప్పు ద్రావణం కంటే చాలా ఎక్కువ పరిమాణంలో పోయాల్సి వస్తుంది. ఖర్చు ఎక్కువ, కానీ పొరపాటున దాటిపోయే ప్రమాదం తక్కువ. నేను ఈమధ్య దానికే మళ్లాను. కారు రేడియేటరులో పోసే ఇథిలీన్ గ్లైకాల్ వేరు, అది విషం, పేరు దగ్గరగా ఉందని దాన్ని తీసుకోకండి.

మైనం సీసా గోడలకు అతుక్కుంటున్నా, ఉండలు ఒకదానితో ఒకటి కలవకుండా తొక్కుకుంటున్నా సబ్బు సంగతి చూడాలి. రంగు, వాసన లేని గిన్నెలు తోమే ద్రవాన్ని పది వంతుల నీటిలో కలిపి, అందులోంచి ఒక్కో చుక్క వేసి అరగంట ఆగండి. గోడలకు అతుకుతుంటే సబ్బు చాలలేదు. చిన్న చిన్న పూసల్లా విడిపోయి చుట్ట దగ్గర కలవకపోతే సబ్బు ఎక్కువైంది. ఎక్కువైన సబ్బును తీయడానికి నీరు మార్చడం తప్ప దారి లేదు. నా అనుభవంలో లీటరుకు ఆ పలచని చుక్కలు ఎనిమిది దాటవలసిన అవసరం రాలేదు.

ఇవన్నీ కుదిరి, మైనం ఒక సాయంత్రమంతా చక్కగా తిరిగాకే రంగు వేయండి. వంటకు వాడే ద్రవ రంగులు తీసుకోండి. అవి నీటిలోనే ఉంటాయి, మైనంలోకి ఎక్కవు. ఊదా కోసం ఎరుపు మూడు చుక్కలు, నీలం ఒక చుక్క విడిగా గ్లాసు నీటిలో కలిపి, ఆ గ్లాసును పసుపు కాంతి ఇచ్చే బల్బు ముందు పట్టుకుని చూడండి. పగటి వెలుగులో అందంగా కనబడే ఊదా, దీపం కాంతిలో గోధుమ రంగులోకి జారుతుంది. బల్బు కాంతిలో నీలం తక్కువ. అందుకే నీలం కొంచెం పెంచవలసి వస్తుంది. నచ్చిన రంగు వచ్చాక ఆ గ్లాసు నీటినే సిరంజితో కొద్దికొద్దిగా సీసాలోకి పంపండి. ముదురు చేయకండి. కాంతి అడుగునుంచి వస్తుంది కాబట్టి రంగు చిక్కబడితే సీసా పైసగం చీకటవుతుంది. ఎరుపు సీసా మీద ఎరిత్రోసిన్ అని గానీ ఇ127 అని గానీ ఉంటే వేరేది తీసుకోండి, అది వెలుగుకు త్వరగా వెలిసిపోతుంది. ఇండియాలో దొరికే పొడి రంగుల్లో చాలావాటిలో ఉప్పు కలిపి ఉంటుంది. డబ్బా మీద చదవకుండా వేస్తే మీరు అంత కష్టపడి కుదిర్చిన పాళ్లు తప్పుతాయి. ఏ రంగైనా ఎండ తగిలితే నిలవదు. మీ దీపం నీలం వెలిసిపోవడానికి ఏ కిటికీ పక్కనో ఏళ్లు గడపడమే కారణం కావచ్చు.

క్రేయాన్ల మాటకు వస్తున్నాను. దయచేసి వద్దు. క్రేయాన్లలో ఉన్నది కరిగే రంగు కాదు, నూరిన పొడి. అది మైనంలో కలవకుండా అడుగున పేరుకుంటుంది, కొంత నీటిలోకి వచ్చి మురికిలా తేలుతుంది. పైగా క్రేయాన్ మైనం తేలికైనది, అది కలిసిన మేరకు మీ మైనం బరువు తగ్గి ఎప్పుడూ పైనే తేలుతుంది. నేను పాడుచేసిన మొదటి దీపం ఇలాగే పోయింది. భవిష్యత్తులో తెల్ల మైనం దీపం దొరికి దానికి నిజంగా రంగు వేయాలనుకుంటే కొవ్వొత్తులకు వాడే, నూనెలో కరిగే రంగు తీసుకోండి. చల్లని మైనం మీద బఠాణీ గింజలో సగమంత తురుము వేసి, తాత్కాలికంగా డిస్టిల్డ్ నీరు పోసి వెలిగిస్తే మైనం కదిలేటప్పుడు రంగును తనలోకి లాక్కుంటుంది. ఆ నీటిని తర్వాత మార్చేయాలి. మైనంలో పడిన రంగును మళ్లీ తీయలేం. పసుపును ఎరుపు చేయవచ్చు, ఎరుపును పసుపు చేయలేం.

ఇంటర్నెట్‌లో కనబడే ఇంకో రెండు పద్ధతుల గురించి హెచ్చరించకపోతే నాకు నిద్ర పట్టదు. ఒకటి, ఆల్కహాలులో మినరల్ నూనె పోసి కొత్త లావా చేయడం. తేలికైన నూనె మునగాలంటే నీటి కంటే తేలికైన ద్రవం కావాలి, అందుకే ఆల్కహాలు. అంటుకునే ద్రవాన్ని గాజు సీసాలో పోసి కింద వేడి బల్బు పెట్టడం ఏ ఇంట్లోనూ చేయదగిన పని కాదు. రెండు, మైనం బరువు పెంచడానికి డ్రైక్లీనింగులో వాడే పెర్క్లోరోఇథిలీన్ కలపడం. అది క్యాన్సరు కలిగించే అవకాశం ఉన్న రసాయనంగా గుర్తించబడింది, 2024 డిసెంబరులో అమెరికా పర్యావరణ సంస్థ దాని వాడకాన్ని చాలావరకు నిషేధిస్తూ నిబంధన తెచ్చింది. సీసాలో అసలు మైనమే లేని దీపమైతే ఆశ వదులుకోవడం మంచిది.

స్టవ్ మాట కూడా. తొందరగా వేడెక్కాలని ఎవరూ ఎప్పుడూ సీసాను పొయ్యి మీద పెట్టకూడదు. 2004లో వాషింగ్టన్ రాష్ట్రంలోని కెంట్‌లో ఒక యువకుడు అలా పెట్టి చూస్తుండగా సీసా పేలి, గాజు ముక్క గుండెలోకి దిగి చనిపోయాడు. మీ బల్బు ఇచ్చే వేడే దానికి సరైన వేడి, రెండు మూడు గంటలు పట్టడం దాని స్వభావం.

బల్బు సంగతి చెప్పి హైదరాబాదుకు వస్తాను. ఎల్ఈడీ బల్బు పెడితే వెలుగు వస్తుంది, మైనం కదలదు. ఈ దీపానికి కావలసింది వేడి. దీపం అడుగున రాసిన వాట్లే వాడండి. వాట్లు పెంచితే మైనం పైన గుమిగూడి దిగడం మానేస్తుంది, రంగూ త్వరగా వెలుస్తుంది. ఎక్కువ వేడి అనిపిస్తే డిమ్మరు పెట్టి తగ్గించవచ్చు. తక్కువ అనిపిస్తే ముందు గదిలో ఏసీ గాలి సూటిగా తగులుతోందేమో చూడండి. నాకు వచ్చిన ఫిర్యాదుల్లో సగం ఆ గాలివల్లే.

అమెరికా దీపం 120 వోల్టులది. అదే బల్బుతో హైదరాబాదులో 230 వోల్టుల ప్లగ్గులో పెడితే బల్బు మీద దాదాపు నాలుగు రెట్ల శక్తి పడి మాడిపోతుంది. రెండు మార్గాలున్నాయి. అక్కడే 100 వాట్ల స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కొని దాని ద్వారా వెలిగించడం సులువు, నేను అదే సిఫారసు చేస్తాను. లేదా పీఠంలోని హోల్డరు, వైరు, స్విచ్ మొత్తం 230 వోల్టులకు తగినవి ఎలక్ట్రీషియన్‌తో వేయించి, అంతే వాట్ల తీగ బల్బు పెట్టడం. అమెరికా దీపాల్లో చాలావాటి హోల్డరు ఇండియాలో దొరికే మామూలు బల్బుకు సరిపోదు, అందుకే బల్బు ఒక్కటి మార్చితే పని అయిపోదు. మన దగ్గర జీరో బల్బు అనేవి నిజానికి 15 వాట్ల వరకు తీసుకుంటాయి. చిన్న దీపానికి కూడా అవి చాలవు. నీరు తగ్గితే అన్నయ్యగారికి ఇన్వర్టర్ బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ వాడమనండి, దుకాణంలో అడిగి యాసిడ్ కలపనిదే తీసుకోవాలి.

సీసాను చేతి సంచిలో పెట్టనివ్వరు, 100 మిల్లీలీటర్ల నిబంధన ఉంది. పెద్ద సూట్‌కేసులో, నిలువుగా, చుట్టూ బట్టలు కూరి పెట్టండి. రెండు రోజుల ముందునుంచే దీపం వెలిగించవద్దు. అక్కడికి చేరాక కనీసం ఒక రోజంతా కదిలించకుండా ఉంచాకే మొదటిసారి వెలిగించాలి.

మూత చివరి పని. ఇంట్లో బీరు తయారుచేసుకునేవాళ్లు వాడే చేతి యంత్రంతో 26 మిల్లీమీటర్ల కొత్త లోహపు మూత బిగించవచ్చు. దానికి ముందు మీ సీసా అంచును ఆ మూతతో కొలిచి చూసుకోండి. దీపం చల్లగా ఉన్నప్పుడే బిగించాలి. కనీసం మూడు సాయంత్రాలు మైనం తిరిగిన తీరు మీకు నచ్చేవరకు బిగించవద్దు. మొదటి రెండు రోజులూ నీరు కొద్దిగా మబ్బుగా ఉంటే బెంగపడకండి, మూడో రోజుకు తేటపడుతుంది. డిస్టిల్డ్ నీరు పోసి మొదటిసారి వెలిగించాక మైనం ఎక్కడ నిలిచిందో ఫోటోతో సహా ఇక్కడ రాయండి. ఉప్పు సిరంజి పట్టుకోవడానికి ముందే రాస్తే ఎంతతో మొదలుపెట్టాలో చెబుతాను.